చిన్న గదికి ఎంత స్పీకరు కావాలి?

అరకులోయలో నవంబరు వచ్చిందంటే కాఫీ పండ్లు ఏరడం మొదలు. ఆ వెనకే రాజ్‌మా చిక్కుళ్లు, పసుపు, మిరియాలు. ఆడవాళ్లు పొద్దుట పొగమంచులో తోటలకు వెళ్తారు. చీకటి పడ్డాక ఇంటికొస్తారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలం ఇదే.

సంతలో పాటల పెట్టెల కొట్టు కూడా ఈ కాలంలోనే గట్టిగా మోగుతుంది. ఎర్రవి, నీలివి, లైట్లు తిరిగేవి, చక్రాలున్నవి ఎన్నో రకాలు. "ఇది రెండువేల వాట్లమ్మా, ఊరంతా అదిరిపోద్ది" అంటాడు అమ్మేవాడు.

కానీ ఆ పెట్టె పెట్టేది ఊరంతటికీ కాదు. పదడుగుల గదిలో. అక్కడే పొయ్యి, అక్కడే పడక, అక్కడే పిల్లల చదువు. అలాంటి గదికి ఎంత స్పీకరు కావాలి? డబ్బు చెల్లించక ముందే ఇది తెలుసుకోవాలి.

శబ్దం ఎలా పుడుతుంది?

థింసా ఆడేటప్పుడు డప్పు చర్మం మీద చెయ్యి పెట్టి చూడండి. అది వణుకుతూ ఉంటుంది. ఆ వణుకు గాలికి అంటుకుంటుంది. గాలి వణుకు చెవిని చేరుతుంది. అదే శబ్దం.

స్పీకరు కూడా ఒక రకం డప్పే. దాని లోపల గరాటు ఆకారంలో ఒక కాగితం ఉంటుంది. కాగితం వెనక సన్నని రాగి తీగ చుట్ట ఉంటుంది. తీగ చుట్టూ అయస్కాంతం ఉంటుంది. పాట కరెంటు రూపంలో తీగలోకి వస్తుంది. అయస్కాంతం వల్ల తీగ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. తీగతోపాటు కాగితం ఊగుతుంది. డప్పును కర్ర కదిలిస్తుంది. స్పీకరును కరెంటు కదిలిస్తుంది. తేడా అంతే.

ఇలాంటి స్పీకరు గురించి 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు వివరించారు. ఈనాటి పెట్టెల్లో ఎక్కువ భాగం ఆ పద్ధతిలోనే పనిచేస్తున్నాయి.

మోరి ఊదితే సన్నని శబ్దం వస్తుంది. దానికి కాగితం చాలా వేగంగా, కొద్దిగా కదిలితే చాలు. తుడుము కొడితే బరువైన శబ్దం వస్తుంది. దానికి ఎక్కువ గాలిని తోయాలి. అందుకే తుడుము దరువు బాగా వినపడాలంటే కాగితం కాస్త వెడల్పుగా ఉండాలి. ఫోనులో స్పీకరు చిటికెన వేలి గోరంత ఉంటుంది. కాబట్టే ఫోనులో పాట వింటే గొంతు వినిపిస్తుంది గానీ దరువు వినపడదు.

స్పీకరుకు పెట్టె ఎందుకు?

కాగితం ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది. అదే సమయంలో వెనకున్న గాలి పలచబడుతుంది. పెట్టె లేకపోతే ముందు గాలి పక్కనుంచి తిరిగి వెనక్కి పోతుంది. రెండూ ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. దరువు పోతుంది. పెట్టె ఆ వెనక గాలిని ముందు గాలితో కలవకుండా ఆపుతుంది.

కాబట్టి పెట్టె గట్టిగా ఉండాలి. వేలి కణుపుతో దాని మీద తట్టి చూడండి. కొత్త కుండ కొనేటప్పుడు తట్టి చూస్తారు కదా, అలాగే. గట్టి చెక్కలా "టక్" మంటే మంచిది. ఖాళీ డబ్బాలా "డబడబ" మంటే ఆ పెట్టె కూడా పాటతోపాటు వణుకుతుంది. పాటలో లేని శబ్దం కలుపుతుంది. లోపల ఏదైనా గలగలమంటే అసలే కొనకండి.

వాట్ల లెక్క

బియ్యానికి కిలో కొలత. కరెంటు శక్తికి వాటు కొలత. పాటల పెట్టె మీద వాట్లు రెండు రకాలుగా రాస్తారు.

ఒకటి ఆర్.ఎమ్.ఎస్. వాట్లు. పెట్టె ఆగకుండా ఇవ్వగలిగిన శక్తి ఇది.

రెండోది పి.ఎమ్.పి.ఓ. వాట్లు. రెప్పపాటు సేపు వచ్చే శక్తి అని చెప్పి వేసే అంకె ఇది. దీన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి అంటూ లేదు. ఎవరి లెక్క వారిది. అందుకే ఈ అంకె వేలల్లో ఉంటుంది.

కట్టెల మోపు మోసేవాళ్లకు ఇది బాగా తెలుసు. కొండ మీంచి ఇంటిదాకా మోయగల బరువు వేరు. ఒక్కసారి పైకెత్తి దించేసే బరువు వేరు. మోసుకొచ్చిన మోపే కదా పొయ్యిలోకి పనికొచ్చేది!

ఆర్.ఎమ్.ఎస్. అనే మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. అది చదవడానికి బడికెళ్లే పిల్లల సాయం తీసుకోండి. అంకె మాత్రం మీరే చదవండి.

పదడుగుల గదిలో మామూలుగా పాట వినడానికి ఒకటి రెండు వాట్లు కూడా ఖర్చు కావు. కాబట్టి 5 నుంచి 10 ఆర్.ఎమ్.ఎస్. వాట్ల పెట్టె ఇంటికి చాలు. 20 వాట్లున్నది 10 వాట్లదానికంటే రెండింతలు గట్టిగా వినపడుతుందా? వినపడదు. కొంచెమే ఎక్కువ వినపడుతుంది. చెవికి రెండింతలు అనిపించాలంటే వాట్లు సుమారు పదింతలు కావాలి. అంటే వాట్లు పెరిగినంత వేగంగా ధర పెరుగుతుంది, శబ్దం పెరగదు.

అమ్మేవాడు చెప్పే వాట్లు నిజమో కాదో తెలుసుకునే దారి ఒకటుంది. బ్యాటరీ లేకుండా ప్లగ్గు మీదే నడిచే పెట్టెకు ఇది పనికొస్తుంది. ప్లగ్గులో పెట్టే నల్లని అడాప్టరును తిప్పి చూడండి. దాని మీద రెండు అంకెలుంటాయి. ఒకటి వోల్టులు, ఒకటి ఆంపియర్లు. వాటిని హెచ్చవెయ్యండి.

12 వోల్టులు × 1 ఆంపియరు = 12 వాట్లు.

ఆ అడాప్టరు ఇచ్చేదే 12 వాట్లు. మరి పెట్టె 2,000 వాట్లు ఎక్కడినుంచి తెస్తుంది? కుండలో ఉన్నంతే గరిటెలోకి వస్తుంది.

ఒకటి కావాలా? రెండు కావాలా?

రెండు స్పీకర్లుంటే పాట కుడివైపు నుంచి కొంత, ఎడమవైపు నుంచి కొంత వినిపిస్తుంది. దీన్ని స్టీరియో అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ దాని అందం తెలియాలంటే ఎదురుగా, సరిగ్గా మధ్యలో కూర్చోవాలి. రెండు స్పీకర్లు, వినే మనిషి పొయ్యి మూడు రాళ్లలా సమాన దూరంలో ఉండాలి.

చిన్న గదిలో ఒకరు వంట చేస్తూ వింటారు, ఒకరు మూల కూర్చుని వింటారు. మధ్యలో కూర్చునేది ఎవరు? కాబట్టి ఒకే ధరకు నాసిరకం స్పీకర్లు రెండు కొనేకంటే మంచిది ఒకటి కొనడం మేలు. కాగితం మూడు అంగుళాలుంటే మాటలకు, గొంతు పాటలకు సరిపోతుంది. దరువు కూడా కావాలనుకుంటే నాలుగైదు అంగుళాలది చూడండి.

రెండు స్పీకర్లు తీగలతో కలుపుకునేది కొంటే ఒక జాగ్రత్త అవసరం. ఎర్ర తీగ ఎర్ర గుర్తుకు, నల్ల తీగ నల్ల గుర్తుకు కలపాలి. రెండింటిలో ఒకదానికి మాత్రం తిరగేసి కలిపితే ఒకటి గాలిని తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది. దరువు పలచబడుతుంది. స్పీకరు పాడైందని మెకానిక్కుకు డబ్బులిచ్చే ముందు తీగలు చూసుకోండి.

కొండల్లో ఏవి అవసరం?

విశాఖపట్నంలో పనికొచ్చేదంతా కొండ మీద గూడేనికి పనికిరాదు. కొనే ముందు ఈ మూడు చూసుకోవాలి.

మొదటిది రేడియో. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. రేడియోలో వార్తలు, వ్యవసాయం మాటలు, పాటలు డబ్బు ఖర్చు లేకుండా వినొచ్చు. కానీ ఎఫ్.ఎమ్. తరంగాలు టార్చిలైటు వెలుగులా తిన్నగా పోతాయి. మధ్యలో కొండ అడ్డొస్తే వెనక నీడ పడుతుంది. ఆ నీడలో ఉన్న ఊరికి స్టేషను అందదు. కొట్లో మోగిన రేడియో ఇంటి దగ్గర గురగురమనవచ్చు. కాబట్టి మీ ఊళ్లో ఎవరి ఇంట్లోనైనా ఎఫ్.ఎమ్. పలుకుతోందేమో ముందు కనుక్కోండి. పలకకపోతే రేడియో ఉందని ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు.

రెండోది పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు పెట్టే చోటు. లోపలి గూడేలకు ఫోను సిగ్నలు ఎప్పుడూ ఉండదు. అలాంటి చోట నెట్ మీద ఆధారపడే పెట్టె మూగబోతుంది. కార్డులో పాటలు వేసుకుంటే సిగ్నలుతో పని లేదు. బ్లూటూత్ ఉంటే ఫోనులో దాచుకున్న పాటను తీగ లేకుండా వినొచ్చు. చిన్న పెట్టెల్లో అది సుమారు పది మీటర్ల దూరం అందుతుంది. మధ్యలో మందపాటి గోడ ఉంటే అంత దూరం కూడా అందదు.

మూడోది బ్యాటరీ. గాలివానకు కరెంటు పోతుంది. బ్యాటరీ ఉంటే పెట్టె ఆగదు. బ్యాటరీ మీద ఎమ్.ఏ.హెచ్. అనే కొలత ఉంటుంది. ఒకే రకం పెట్టెలు రెండు ఉంటే, 1,200 ఉన్నదానికంటే 2,400 ఉన్నది సుమారు రెండింతల సేపు మోగుతుంది. శబ్దం పెంచితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. డిసెంబరు, జనవరి చలిలో కూడా అది కాస్త తక్కువసేపు వస్తుంది. అది బ్యాటరీ లోపం కాదు. చలి తగ్గితే మళ్లీ సర్దుకుంటుంది.

ఛార్జరు మీద బి.ఐ.ఎస్. గుర్తు ఉందేమో చూడండి. దాని దగ్గర 'ఆర్' అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. గుర్తు లేని ఛార్జరు చవకగా వస్తుంది. కానీ అది వేడెక్కితే ఇల్లే అంటుకోవచ్చు. ఉబ్బిన బ్యాటరీని వాడకూడదు. పొయ్యిలో అసలు వెయ్యకూడదు, పేలుతుంది.

తెలిసిన పాట పట్టుకెళ్లండి

కొట్లో వేసే పాట అమ్మేవాడు ఎంచుకున్న పాట. దడదడలాడే పాటే వేస్తాడు. అందులో లోపం ఉన్నా తెలియదు. కాబట్టి మీకు బాగా తెలిసిన పాట ఫోనులో పెట్టుకుని వెళ్లండి. మీ ఊరి థింసా పాటైతే ఇంకా మంచిది.

"బాబూ, నా దగ్గర ఒక పాట ఉంది. అది వెయ్యి."

"ఎందుకమ్మా, ఇది విను, ఎలా అదరగొడతందో!"

"అది నాకు తెలీని పాట. తెలిసిందైతేనే తేడా తెలుస్తాది."

ఇలా అడగడంలో తప్పు లేదు. పట్టుచీరైనా, పలుపుతాడైనా పట్టి చూడకుండా ఎవరూ కొనరు.

పాట వింటూ నాలుగు విషయాలు గమనించండి.

1. పాడేవాళ్ల మాటలు తేటగా తెలుస్తున్నాయా? ముసలమ్మ గొంతు ముసలమ్మ గొంతులానే ఉందా?

2. తుడుము దెబ్బ దెబ్బకూ మధ్య ఖాళీ తెలుస్తోందా? అన్నీ కలిసి ఒకే మోతగా వస్తున్నాయా?

3. మోరి శబ్దం చెవిని కోస్తోందా?

4. శబ్దం బాగా తగ్గిస్తే పాట అర్థమవుతోందా? బాగా పెంచితే బరబరమంటోందా?

రెండు పెట్టెలను పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే గట్టిగా పెట్టించండి. ఏది కాస్త గట్టిగా మోగితే అదే మంచిదని చెవి మోసపోతుంది. అమ్మేవాళ్లలో కొందరికి ఈ కిటుకు తెలుసు.

పాత పెట్టె కొంటుంటే ముందు జాలీ తీయించి కాగితం చూడండి. చిరుగు, తేమ మచ్చ, పురుగు కొట్టిన గుర్తు ఉండకూడదు. అంచున ఉన్న రబ్బరు పగిలి ఉండకూడదు.

వాయిదా లెక్క, బిల్లు లెక్క

ఒక పెట్టె ధర రొక్కంగా 3,000 రూపాయలు అనుకోండి. "ముందు 500 ఇవ్వండి, తర్వాత నెలకు 300 చొప్పున 12 నెలలు కట్టండి" అన్నారనుకోండి. నెలకు మూడొందలే కదా అనిపిస్తుంది. కాగితం మీద రాసి చూడండి.

300 × 12 = 3,600
3,600 + 500 = 4,100
4,100 − 3,000 = 1,100

వాయిదాల్లో కొంటే 1,100 రూపాయలు ఎక్కువ పోతుంది. అంతకంటే సంఘంలో కొన్ని నెలలు పొదుపు చేసి రొక్కంగా కొనడం నయం.

డబ్బా మీద ఎమ్.ఆర్.పి. అని ధర ఉంటుంది. పన్నులన్నీ అందులోనే ఉంటాయి. అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ అడగడం చట్టానికి విరుద్ధం. తక్కువకు బేరం ఆడవచ్చు.

బిల్లు అడిగి తీసుకోండి. దాని మీద తేదీ, వస్తువు పేరు, ధర, కొట్టు పేరు ఉన్నాయో లేదో అక్కడే చదవండి. గ్యారంటీ కార్డు ఉంటే ముద్ర వేయించండి. వస్తువు చెడిపోయి కొట్టువాడు పట్టించుకోకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు. 2019లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషనులో ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫిర్యాదు రుసుము లేదు. కానీ బిల్లు ఉంటేనే మాటకు బలం.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

బంతి గోడకు కొడితే తిరిగి వస్తుంది. శబ్దమూ అంతే. గదిలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. "ఠంగ్" మని మోగితే గోడలు శబ్దాన్ని తిరగకొడుతున్నాయన్నమాట. సిమెంటు గోడలు, రేకుల కప్పు ఉన్న ఇళ్లలో ఇలా ఉంటుంది. అలాంటి గదిలో ఎంత మంచి పెట్టె పెట్టినా మాటలు కలిసిపోతాయి.

దీనికి డబ్బు ఖర్చు అక్కర్లేదు. బొంతలు, దుప్పట్లు దండెం మీద వెయ్యండి. బియ్యం బస్తాలు మూలల్లో పెట్టండి. నేల మీద చాప పరవండి. మెత్తటివి శబ్దాన్ని తాగేస్తాయి. మట్టిగోడ, గడ్డికప్పు ఉన్న గదిలో ఈ మోత తక్కువగానే ఉంటుంది.

పెట్టెను కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో, పీట మీదో బల్ల మీదో పెట్టండి. అటక మీద పెడితే మాట తేటగా రాదు. మూలలో పెడితే దరువు పెరుగుతుంది. దరువు చాలని చిన్న పెట్టెను గోడ దగ్గరకు జరపండి. దరువు ఎక్కువై మాట మునిగిపోతుంటే గోడకు ఒక మూరెడు ముందుకు లాగండి. కింద మడత గుడ్డ వేస్తే బల్ల మోగకుండా ఉంటుంది.

తడిసిన డప్పు మూగబోతుంది. తేమ తగిలిన స్పీకరు కాగితం కూడా అంతే. వానాకాలంలో పెట్టెను తడిగోడకు ఆనించకండి. కానీ డప్పును కాచినట్టు స్పీకరును నిప్పు సెగకు కాచకూడదు. పొయ్యి పొగకు దూరంగా ఉంచండి. ఉరిమేటప్పుడు ప్లగ్గు తీసెయ్యండి.

చెవి ఒక్కసారి పోతే మళ్లీ రాదు

శబ్దం గట్టిదనాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. పెద్దవాళ్లు 80 డెసిబెళ్ల శబ్దం వారానికి 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు అంతకంటే తక్కువ ఉండాలి. ఇంట్లో కొలిచే పరికరం ఉండదు. చెయ్యి చాపితే అందే మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే శబ్దం ఎక్కువైందని గుర్తు. చెవి లోపల సన్నని వెంట్రుకల్లాంటి భాగాలుంటాయి. అవి పాడైతే మళ్లీ మొలవవు. ఉయ్యాల పక్కన స్పీకరు పెట్టకూడదు.

2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం శబ్ద కాలుష్యంపై నియమాలు చేసింది. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదు. చట్టం సంగతి అటుంచి, పక్కింట్లో బాలింత ఉండొచ్చు, పరీక్షకు చదివే పిల్ల ఉండొచ్చు.

పెట్టె పోతే ఇంకొకటి, పాట పోతే?

అరకు చుట్టుపక్కల కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు ఇంకా వేరే భాషల్లోనూ పాటలున్నాయి. నాటు పాటలు, పెళ్లి పాటలు, చైత్రమాసంలో ఇటుకల పండగ పాటలు. వీటిలో ఎన్నో ఏ పుస్తకంలోనూ లేవు. పెద్దవాళ్ల గొంతులోనే ఉన్నాయి. ఇప్పుడు మనవలు, మనవరాళ్లు వాటిని ఫోనులో పట్టుకుంటున్నారు. మంచి పెట్టె కావాల్సింది ముందుగా ఈ పాటల కోసమే. మాట తేటగా వినపడితేనే చిన్నపిల్లలు ఆ పాట నేర్చుకోగలరు. మోత మాత్రమే వినపడితే ఏం నేర్చుకుంటారు?

మెమరీ కార్డు ఎప్పుడైనా పాడవచ్చు. ఫోను వాగులో పడవచ్చు. అందుకని పాటను రెండు చోట్ల దాచండి. ఒకటి ఫోనులో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో. పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ ఒక కాగితం మీద రాసి దాంతోపాటు ఉంచండి. ఆ కాగితం మీరే మీ చేత్తో రాయండి.

సంఘంలో మాట్లాడుకోండి

1. ఒక పెట్టె మీద 3,000 పి.ఎమ్.పి.ఓ. వాట్లు అని, ఇంకొక దాని మీద 10 ఆర్.ఎమ్.ఎస్. వాట్లు అని ఉంది. అంకె పెద్దదని మొదటిది కొనొచ్చా? ఎందుకు?

2. ఒక అడాప్టరు మీద 9 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. అది ఎన్ని వాట్లు ఇస్తుంది?

3. ఒక పెట్టె రొక్కం ధర 2,000 రూపాయలు. వాయిదా అయితే నెలకు 250 చొప్పున 10 నెలలు. ఎంత ఎక్కువ కడుతున్నారు?

4. కొట్లో వినడానికి మీరు ఏ పాట పట్టుకెళ్తారు? అది ఎవరు పాడింది?